ఖర్చుకో గీత... సంతకానికో తోడు!

అమ్మకాలు బాగుంటాయి. గిరాకీ ఉంటుంది. ఊళ్లో మంచి పేరూ ఉంటుంది. అయినా ఒకరోజు ఉన్నట్టుండి వ్యాపారం మునిగిపోతుంది. తీరా చూస్తే డబ్బు వచ్చే దారిలో లోపమేమీ ఉండదు, పోయే దారికే కాపలా ఉండదు. ఎవరు ఎంతవరకు ఖర్చుపెట్టొచ్చు? ఎంత దాటితే ఇంకొకరిని అడగాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టుకోని వందల ఏళ్ల బ్యాంకులే కుప్పకూలాయి. ఇక వీధి చివరి దుకాణం సంగతి చెప్పేదేముంది!

బేరింగ్స్‌... లండన్‌లో 1762లో పుట్టిన బ్యాంకు. 1803లో అమెరికా ఫ్రాన్స్‌ నుంచి లూసియానా ప్రాంతాన్ని కొనుక్కున్నప్పుడు అందుకు డబ్బు సర్దిన సంస్థల్లో అదీ ఒకటి. బ్రిటన్‌ రాణి కూడా దాని ఖాతాదారే. రెండు ప్రపంచయుద్ధాలను తట్టుకుంది. మాంద్యాలను దాటింది. అలాంటి బ్యాంకు 1995 ఫిబ్రవరిలో ఒకే ఒక్క ఉద్యోగి చేతిలో కూలిపోయింది. అతని వయసు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు!

ఆ ఉద్యోగి పేరు నిక్‌ లీసన్‌. సింగపూర్‌ శాఖలో షేర్‌మార్కెట్‌ లావాదేవీలు చూసేవాడు. కొనేదీ అమ్మేదీ అతనే. ఆ కొనుగోళ్లూ అమ్మకాలూ సరిగ్గా ఉన్నాయా లేదా అని సరిచూసి పద్దు రాసే విభాగం కూడా అతని చేతికిందే. అంటే... పరీక్ష రాసేదీ తనే, పేపరు దిద్దుకునేదీ తనే.

1992లో లీసన్‌ 88888 అనే నంబరుతో ఓ ఖాతా తెరిచాడు. చిన్నచిన్న పొరపాట్లను సర్దుకోవడానికి అలాంటి ఖాతాలు పెట్టుకోవడం మామూలే. అతను మాత్రం నష్టం వచ్చిన ప్రతిసారీ దాన్ని అందులోకి నెట్టేశాడు. లాభాలు మాత్రం పైవాళ్లకు కనిపించేవి. దాంతో లండన్‌లో అతనో హీరో. 1994 చివరికి ఆ ఖాతాలో పేరుకున్న నష్టం 20 కోట్ల పౌండ్లు దాటింది. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె నగరాన్ని భూకంపం కుదిపేసింది. షేర్ల ధరలు పడిపోయాయి. పెరుగుతాయని పందెం కాసిన లీసన్‌, పోయినదాన్ని రాబట్టుకోవాలని మరింత ఒడ్డాడు. అందుకు కావలసిన డబ్బు లండన్‌ కార్యాలయమే పంపింది. అంత డబ్బు ఎందుకని గట్టిగా నిలదీసినవాళ్లు లేరు. చివరికి తేలిన నష్టం 82.7 కోట్ల పౌండ్లు. 233 ఏళ్ల చరిత్ర ఉన్న బ్యాంకును నెదర్లాండ్స్‌కు చెందిన ఐఎన్‌జీ సంస్థ కొనుక్కుంది. ఎంతకో తెలుసా... ఒక్క పౌండుకు!

ఇందులో ఆలోచించాల్సిన విషయం ఇంకోటుంది. ఆ రెండు పనులూ ఒకరి చేతిలో ఉండటం ప్రమాదమని బ్యాంకు సొంత ఆడిటర్లు 1994లోనే రాసిచ్చారు. ఆ కాగితాన్ని చదివారు. పనులు మాత్రం విడదీయలేదు. లాభాలు తెస్తున్నవాణ్ని కదపడం దేనికనుకున్నారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే మరి!

ఒకరు రాయాలి... ఇంకొకరు చూడాలి

డబ్బు ఖర్చుకు సంబంధించి ఏ సంస్థలోనైనా మూడు పనులుంటాయి. ఖర్చు చేయమని ఒప్పుకోవడం, డబ్బు చేతికివ్వడం, ఆ సంగతి పుస్తకంలో రాయడం. ఈ మూడూ ఒకే మనిషి చేస్తే తప్పు జరిగినా బయటపడదు, మోసం జరిగినా బయటపడదు. విడివిడిగా ఉంటే మోసం చేయాలనుకున్నవాడు ఇంకొకరిని కూడగట్టుకోవాలి. అది కష్టం. అందుకే లెక్కల శాస్త్రంలో దీన్ని మొదటి పాఠంగా చెబుతారు. బ్యాంకుల్లో దీనికో పేరుంది... 'మేకర్‌-చెకర్‌'. ఒకరు లావాదేవీని కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. వేరొకరు సరిచూసి సరే అంటారు. ఆ రెండో మనిషి ఒప్పుకొనేదాకా రూపాయి కూడా కదలదు.

ఇదేదో పెద్దపెద్ద కంపెనీల వ్యవహారం అనుకోనక్కర్లేదు. తెలుగునాట పల్లెపల్లెకూ తెలిసిందే. స్వయంసహాయక సంఘాలనే చూడండి. పది పదిహేను మంది మహిళలు కలిసి పొదుపు చేసుకుంటారు. బ్యాంకు ఖాతా ఉంటుంది. అందులోంచి డబ్బు తీయాలంటే ఒక్కరి సంతకం చెల్లదు. లీడర్లిద్దరూ పెట్టాలి. దానికి ముందు సంఘమంతా కూర్చుని తీర్మానం రాసుకోవాలి. చదువు పెద్దగా లేని మహిళలు కూడా ఏళ్లతరబడి పాటిస్తున్న కట్టుబాటిది. తెలంగాణ పంచాయతీరాజ్‌ చట్టం 2018 కూడా గ్రామ పంచాయతీ చెక్కు మీద సర్పంచితోపాటు ఉపసర్పంచి సంతకం ఉండాలంది. ఈ ఉమ్మడి చెక్‌పవర్‌ మీద కొన్ని ఊళ్లలో గొడవలూ జరిగాయి. ఇద్దరికీ పడకపోతే పనులు ఆగిపోతాయన్నది సర్పంచుల వాదన. అందులోనూ నిజం లేకపోలేదు. కాపలాకు ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు ఎంతన్నదే అసలు లెక్క.

దొడ్డిదారి ఉంటే గుమ్మానికి తాళమెందుకు?

ఇద్దరు చూడాలన్న నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన సరిపోదు. 2018 ఫిబ్రవరిలో దేశాన్ని కుదిపేసిన పంజాబ్‌ నేషనల్‌ బ్యాంకు ఉదంతమే ఇందుకు ఉదాహరణ. ముంబయిలోని బ్రాడీ హౌస్‌ శాఖ నుంచి వజ్రాల వ్యాపారి నీరవ్‌ మోదీ, ఆయన మేనమామ మేహుల్‌ చోక్సీల సంస్థలకు అనుకూలంగా హామీ పత్రాలు వెళ్లాయి. 'ఈ సంస్థలకు అప్పివ్వండి, వాళ్లు కట్టకపోతే మేం కడతాం' అని విదేశాల్లోని బ్యాంకు శాఖలకు ఇచ్చే పూచీ అది. మామూలుగా అయితే ఇలాంటి పూచీకి ముందు పరిమితి మంజూరు కావాలి, తాకట్టు తీసుకోవాలి, పైఅధికారి ఒప్పుకోవాలి. అవేవీ లేకుండానే ఏళ్లతరబడి సందేశాలు వెళ్లిపోయాయన్నది కేసు. మొత్తం రూ.13 వేల కోట్లు దాటింది.

ఎలా సాధ్యమైంది? ఆ సందేశాలు వెళ్లేది స్విఫ్ట్‌ అనే అంతర్జాతీయ వ్యవస్థ ద్వారా. బ్యాంకు లెక్కలన్నీ ఉండేది కోర్‌ బ్యాంకింగ్‌ వ్యవస్థలో. ఆ రెండింటికీ అప్పట్లో లింకు లేదు. స్విఫ్ట్‌లో ఎంత పెద్ద పూచీ ఇచ్చినా అది బ్యాంకు పద్దుల్లోకి దానంతటది రాదు. ఎవరైనా విడిగా నమోదు చేయాలి. చేయకపోతే... పైవాళ్ల దృష్టిలో అసలా పూచీయే లేదు. ముందు గుమ్మానికి ఇనుప తలుపులు పెట్టి, దొడ్డివాకిలి తీసి వదిలేసినట్టన్నమాట. గొడవ బయటపడ్డాక 2018 ఏప్రిల్‌ 30లోగా రెండింటినీ కలపాలని రిజర్వుబ్యాంకు గడువు పెట్టింది. ఆ రకం పూచీ పత్రాలనే ఆ ఏడాది మార్చిలో రద్దుచేసింది.

చిన్న వ్యాపారాల్లోనూ ఇలాంటి దొడ్డిదారులుంటాయి. చెక్కుకు ఇద్దరి సంతకం కావాలంటారు. ఫోన్లో యూపీఐ మాత్రం ఒక్కరి పిన్‌తోనే వెళ్లిపోతుంది. బ్యాంకు చెల్లింపులకు లెక్క ఉంటుంది. గల్లాపెట్టెలోంచి తీసిన రొక్కానికి ఉండదు. పరిమితి పెట్టేటప్పుడు డబ్బు బయటికెళ్లే దారులన్నీ ఓ కాగితం మీద రాసుకోవాలి. నగదు, చెక్కు, యూపీఐ, నెట్‌బ్యాంకింగ్‌, క్రెడిట్‌కార్డు, దుకాణాల్లో అరువు ఖాతా... ఒక్కటి వదిలేసినా మిగతావి దండగే.

ముగ్గురు చూసినా తప్పు తప్పే!

మరి సంతకాలు పెంచుకుంటూపోతే గండం గట్టెక్కినట్టేనా? కాదనడానికి అమెరికాలో జరిగిన ఓ తమాషా సంఘటన ఉంది. తమాషా అంటున్నాం కానీ సిటీబ్యాంకుకు అది పీడకల. సౌందర్య ఉత్పత్తులు తయారుచేసే రెవ్లాన్‌ కంపెనీకి అప్పిచ్చినవాళ్లకు 2020 ఆగస్టులో వడ్డీ పంపించాలి. 78 లక్షల డాలర్లు. ఆ బ్యాంకులో పెద్ద చెల్లింపులకు ముగ్గురు చూడాలన్న నియమం ఉంది. ఒకరు నమోదుచేయాలి, ఒకరు సరిచూడాలి, ఒకరు ఆమోదించాలి. మొదటి ఇద్దరూ భారతదేశంలో పనిచేసే ఒప్పంద ఉద్యోగులు, మూడో వ్యక్తి అమెరికాలోని బ్యాంకు అధికారి.

అసలు మొత్తం బయటికి పోకుండా లోపలి ఖాతాలో ఉండాలంటే కంప్యూటర్‌ తెరమీద మూడు గడుల్లో గుర్తు పెట్టాలి. ఒక్క గడిలోనే పెట్టారు. అదే సరిపోతుందని ముగ్గురూ అనుకున్నారు. ఫలితం... దాదాపు 89 కోట్ల 40 లక్షల డాలర్లు అప్పులవాళ్ల ఖాతాల్లోకి వెళ్లిపోయాయి. అప్పటి లెక్కన మన డబ్బులో ఆరున్నర వేల కోట్ల రూపాయలకు పైమాటే. కొందరు తిరిగిచ్చారు. దాదాపు 50 కోట్ల డాలర్లు అందుకున్నవాళ్లు మాత్రం 'మాకు రావాల్సిన బాకీయే వచ్చింది, ఇవ్వం' అన్నారు. 2021 ఫిబ్రవరిలో న్యాయస్థానం కూడా వాళ్లవైపే మొగ్గింది. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసేదాకా బ్యాంకుకు ఊపిరాడలేదు.

ముగ్గురు చూశారు, కానీ ఒకే కళ్లద్దాలతో చూశారు. ఇదే ఇక్కడి పాఠం. సరిచూడటమంటే ముందువాడు పెట్టిన గుర్తు ఉందో లేదో చూడటం కాదు. ఎవరికి, ఎందుకు, ఎంత అన్న మూడు ప్రశ్నలు కొత్తగా వేసుకోవడం. 'పైనవాళ్లు చూస్తారులే' అని కిందివాళ్లు, 'కిందివాళ్లు చూసే ఉంటారులే' అని పైవాళ్లు అనుకుంటే పది సంతకాలున్నా ఎవరూ చూడనట్టే.

యజమానికీ గీత ఉండాలి

పరిమితులంటే ఉద్యోగులకే అనుకుంటాం. అసలు ప్రమాదం పైన కూర్చున్నవాళ్లతోనే ఎక్కువ. ఆ సంగతి తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్‌ 2008 డిసెంబరు 16న ఓ నిర్ణయం ప్రకటించింది. ఛైర్మన్‌ రామలింగరాజు కుటుంబానికే సంబంధించిన రెండు మేటాస్‌ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లతో కొంటామంది. బోర్డు ఒప్పుకుంది. చదువుకున్నవాళ్లు, పేరున్నవాళ్లు ఉన్న బోర్డది. వాటాదారులు మాత్రం భగ్గుమన్నారు. కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాల్సివచ్చింది. మూడు వారాల తర్వాత 2009 జనవరి 7న రాజు రాసిన లేఖతో అసలు గుట్టు బయటపడింది. లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలుగా చూపించినదాంట్లో రూ.5,040 కోట్లు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నారు. వేలమంది ఉద్యోగుల గుండెల్లో రాయి పడింది. ఆ వాటాలను నమ్ముకున్న కుటుంబాలు రాత్రికి రాత్రే నష్టపోయాయి.

ఆ తర్వాత వచ్చిన కంపెనీల చట్టం 2013 ఈ విషయంలో గట్టి గీతలే గీసింది. అప్పు తేవడం, కంపెనీ సొమ్మును పెట్టుబడిగా పెట్టడం లాంటివి బోర్డు సమావేశంలో నిర్ణయించాలి. పబ్లిక్‌ కంపెనీ తెచ్చే అప్పు ఓ హద్దు దాటితే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. అంటే వ్యతిరేకించినవాళ్లకన్నా ఒప్పుకున్నవాళ్లు కనీసం మూడురెట్లు ఉండాలి. సొంతవాళ్ల సంస్థలతో చేసుకునే ఒప్పందాలకు వేరే ఆమోదాలున్నాయి. 2023 ఏప్రిల్‌ 1 నుంచి మరో నియమం వచ్చింది. కంపెనీలు వాడే అకౌంటింగ్‌ సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దును ఎప్పుడు మార్చారో నమోదయ్యే ఏర్పాటు ఉండాలి. దాన్ని ఆపేయడానికి వీల్లేకుండా ఉండాలి. ఒకప్పుడు చిట్టాలో గీత కొట్టి పక్కన పొడి సంతకం పెట్టేవారే... అదే పద్ధతి కంప్యూటర్లోకి వచ్చిందన్నమాట.

అన్నదమ్ముల వ్యాపారమా... ఇది చదవండి

మన దగ్గర ఎక్కువ వ్యాపారాలు కంపెనీలు కావు. అన్నదమ్ములో స్నేహితులో వాటా కలిపి పెట్టుకున్న భాగస్వామ్య సంస్థలూ వాటిలో ఉంటాయి. అక్కడ ప్రమాదం ఇంకా ఎక్కువ. భారత భాగస్వామ్య చట్టం 1932 ప్రకారం ప్రతి భాగస్వామీ సంస్థకు ఏజెంటే. వ్యాపారంలో భాగంగా తమ్ముడు చేసిన అప్పుకు అన్న కూడా బాధ్యుడే. వ్యాపారం ఆస్తి చాలకపోతే సొంత ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది.

'రూ.5 లక్షలు దాటితే ఇద్దరం సంతకం పెట్టాలి' అని తమలో తాము రాసుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. అయితే ఆ సంగతి తెలియని బయటివ్యక్తికి ఆ షరతు వర్తించదు. కాబట్టి ఒప్పందపత్రంలో రాసుకుని బీరువాలో పెట్టుకుంటే ఫలితం లేదు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఖాతాను 'ఎవరైనా ఒకరు' కాకుండా 'ఇద్దరూ కలిసి' నడిపేలా మార్పించుకోవాలి. అరువు ఇచ్చే పెద్ద సరఫరాదారులకూ ఓ ఉత్తరం ఇవ్వాలి. చాలామందికి ఈ ఆలోచన గొడవలు వచ్చాకే వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేంటి?

గీత ఎక్కడ గీయాలి?

ఓ పట్టణంలో సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం ఉందనుకుందాం. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఓ గుమాస్తా, ఇద్దరు డ్రైవర్లు. ఇన్నాళ్లూ ఎవరికి అవసరమైతే వాళ్లు గల్లాలోంచి తీసుకుంటున్నారు. ఇప్పుడు పద్ధతి పెట్టాలి. ఎలా?

ముందు గత ఆరునెలల ఖర్చుల చీటీలన్నీ ముందేసుకోవాలి. చిన్నవి ఒకపక్క, పెద్దవి ఒకపక్క పేర్చాలి. సాధారణంగా చీటీల్లో ఎక్కువభాగం చిన్నవే ఉంటాయి. టీ, ఆటో, హమాలీ కూలి, లారీ పంక్చరు. డబ్బులో ఎక్కువభాగం మాత్రం కొద్దిపాటి పెద్ద బిల్లులదే. చిన్నవాటికి అనుమతులు అడిగితే పని ఆగుతుంది. పెద్దవాటికి అడగకపోతే కొంప మునుగుతుంది. ఆ రెంటి మధ్యనే గీత గీయాలి.

అలా చూసుకుని... గుమాస్తా రూ.2 వేల దాకా తనే ఇవ్వొచ్చు. రూ.25 వేల దాకా కొడుకుల్లో ఎవరైనా ఒకరు చాలు. అది దాటితే ఇద్దరు. రూ.2 లక్షలు దాటితే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాలి. కొత్త అప్పు, ఎవరికైనా పూచీ, కొత్త వాహనం... వీటికి మొత్తంతో పనిలేదు, ముగ్గురూ ఒప్పుకోవాల్సిందే. ఈ అంకెలు ఉదాహరణకే. ఎవరి వ్యాపారాన్ని బట్టి వాళ్లవి. దీన్ని ఒక్క పేజీలో రాసి గల్లాపెట్టె మీద అతికిస్తే చాలు. పెద్ద కంపెనీల్లో 'అధికారాల బదలాయింపు' పేరుతో యాభై పేజీలుండేదీ ఇదే.

గల్లాలోని చిల్లర ఖర్చుకు పాతకాలం నుంచీ ఓ మంచి పద్ధతుంది. ఓ మొత్తం ఖాయం చేసుకోవాలి. రూ.10 వేలనుకుందాం. గుమాస్తా ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికీ ఓ చీటీ పెట్టెలో వేస్తాడు. శనివారం సాయంత్రం పెట్టె తెరిస్తే చీటీల మొత్తం, మిగిలిన నగదు కలిపి కచ్చితంగా పదివేలుండాలి. చీటీలు రూ.6,400 ఉంటే నగదు రూ.3,600 ఉండాలి. మళ్లీ రూ.6,400 ఇచ్చి పెట్టె నింపాలి. లెక్క తప్పితే ఆ వారంలోనే తెలిసిపోతుంది, ఏడాది చివర్లో కాదు.

ఆమోదం ఎప్పుడు తీసుకోవాలన్నదీ ముఖ్యమే. బిల్లు వచ్చాక 'సరే' అనడం ఆమోదం కాదు, ఒప్పుకోలు. సరకు ఆర్డరు పెట్టకముందే అడగాలి. డబ్బు ఇచ్చేముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టాలి. ఆర్డరు, సరకు ముట్టిన చీటీ, బిల్లు. ఆర్డరు 200 బస్తాలు, దిగినవి 190, బిల్లు 200కు ఉంటే... ఆ పది బస్తాల సొమ్ము అక్కడే ఆగుతుంది.

గీత దాటేవాళ్ల తెలివితేటలు

పరిమితి పెట్టగానే దాన్ని తప్పించుకునే దారులూ పుడతాయి. అన్నిట్లోకీ పాతది ముక్కలు చేయడం. గీత రూ.25 వేల దగ్గరుంటే రూ.48 వేల పనికి రూ.24 వేలవి రెండు బిల్లులు తెస్తారు. అందుకే కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి 2017 కూడా పైఅధికారి మంజూరును తప్పించుకోవడానికి కొనుగోళ్లను ముక్కలు చేయకూడదని ప్రత్యేకంగా చెబుతుంది. నెలకోసారి గీతకు కాస్త కిందుగా ఉన్న బిల్లులన్నీ విడిగా తీసి చూస్తే ఇవి పట్టుబడతాయి. ఒకే పేరు, దగ్గర దగ్గర తేదీలు కనిపిస్తే ఆరా తీయాలి.

రెండోది 'ఖాతా నంబరు మారింది' అన్న కబురు. ఎప్పుడూ సరకిచ్చే కంపెనీ పేరుతోనే ఈమెయిల్‌ వస్తుంది. కొత్త ఖాతాలో వేయమంటుంది. వేశామా... అంతే. అలాంటప్పుడు ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్‌ చేసి కనుక్కోవాలి.

మూడోది తొందరపెట్టడం. 'సారు మీటింగ్‌లో ఉన్నారు, వెంటనే పంపమన్నారు' అంటారు. ఇప్పుడు సారు మొహమే చూపిస్తున్నారు కూడా! బ్రిటన్‌కు చెందిన ఆరప్‌ అనే ఇంజినీరింగ్‌ సంస్థ హాంకాంగ్‌ ఉద్యోగి ఒకరు వీడియో సమావేశంలో తమ ఆర్థిక విభాగం అధిపతిని, తోటి ఉద్యోగులను చూశారు. వాళ్లు చెప్పినట్టే 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్‌ డాలర్లు పంపారు. తీరా చూస్తే ఆ మొహాలు, గొంతులు అన్నీ కంప్యూటర్‌తో సృష్టించినవే. 2024లో బయటపడిందీ సంగతి. మొహం చూసి, గొంతు విని ఇచ్చే ఆమోదానికి కాలం చెల్లింది. ఎంత పెద్దాయన చెప్పినా రెండో మనిషి వేరే దారిలో కనుక్కునేదాకా డబ్బు కదలకూడదు. 'మీరు చెప్పినా సరే, అడిగాకే పంపుతా' అన్న గుమాస్తాను కసిరితే ఆ నియమం ఆరోజే చచ్చిపోతుంది.

నామీద నమ్మకం లేదా?

పరిమితి అనగానే ఇళ్లలో వచ్చే మొదటి మాట ఇదే. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా చిన్నబుచ్చుకుంటాడు. తమ్ముడు 'నన్ను దొంగననుకుంటున్నావా అన్నయ్యా' అంటాడు. ఈ మొహమాటంతోనే చాలా ఇళ్లలో లెక్కల మాట వాయిదా పడుతుంది.

నిజానికి నియమం నిజాయతీపరుడికే అండ. గల్లాలో పదివేలు తగ్గితే, తాళం ఒక్కరి దగ్గరే ఉంటే, అనుమానం ఆ ఒక్కరి మీదే పడుతుంది. తను తీయలేదని నిరూపించుకునే దారి ఉండదు. చీటీ, రెండో సంతకం ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇంకో మాట. అవసరం మనిషిని మారుస్తుంది. ఇంట్లో జబ్బు, పిల్ల పెళ్లి, అప్పులవాళ్ల ఒత్తిడి... 'వచ్చేనెల పెట్టేద్దాంలే' అనుకుంటూ తీసిన ఐదువేలు లక్షకు చేరిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. అడ్డు ఉంటే ఆ మొదటి ఐదువేలే తీయడు. కావాలంటే వచ్చి నోరు తెరిచి అడుగుతాడు. ఉద్యోగమూ మిగులుతుంది, మర్యాదా మిగులుతుంది.

ఆ మాట చెప్పే పద్ధతి కూడా ఉంది. ముందు గీత పెద్దాయనకు గీయాలి. 'నేను కూడా రూ.25 వేలు దాటితే మీలో ఒకరిని అడుగుతా' అని తండ్రి అన్నాడనుకోండి. ఇక కొడుకులకు, గుమాస్తాకు చిన్నతనమేముంటుంది?

మరీ బిగిస్తే...

పావలా కోడికి ముప్పావలా మసాలా అన్నట్టు నాలుగొందల డీజిలు బిల్లుకు నాలుగు సంతకాలు పెట్టిస్తే వ్యాపారం నడవదు. పని ఆగిందని ఉద్యోగి సొంత జేబులోంచి పెడతాడు, తర్వాత ఏదో ఒక బిల్లు రాసి రాబట్టుకుంటాడు. అంటే నియమమే అబద్ధం నేర్పిందన్నమాట. వందల కాగితాలు ముందుకొస్తే పైఅధికారి చదవకుండానే సంతకం చేయడం అలవాటు చేసుకుంటాడు. అది ఇంకా ప్రమాదం.

అందుకే రెండు వెసులుబాట్లు ముందే రాసుకోవాలి. ఒకటి... ఆమోదించాల్సిన మనిషి ఊళ్లో లేకపోతే ఎవరు? ఆ పేరు ముందే ఉండాలి. లేకపోతే ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి వెళ్లే అలవాటు మొదలవుతుంది. ఇక రెండో సంతకం ఉన్నా లేనట్టే. రెండోది... అర్ధరాత్రి లారీ చెడిపోవడం లాంటి అత్యవసరాలకు ఓ మొత్తం. ముందు ఖర్చుపెట్టి మర్నాడు చెప్పొచ్చు. ఏడాదికోసారి ఈ అంకెలన్నీ మళ్లీ చూసుకోవాలి. ధరలు పెరిగినా గీత అక్కడే ఉంటే అదే అడ్డంకవుతుంది.

ఒక్క అక్షరం కాపాడింది!

2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్‌ కేంద్రబ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడ్డారు. న్యూయార్క్‌లోని ఖాతా నుంచి డబ్బు పంపాలంటూ 35 సందేశాలు ఇచ్చారు. మొత్తం 95 కోట్ల డాలర్లకు పైనే. రోజు కూడా తెలివిగా ఎంచుకున్నారు. శుక్రవారం బంగ్లాదేశ్‌లో సెలవు. శని, ఆదివారాలు అమెరికాలో సెలవు. సోమవారం చైనా కొత్త సంవత్సరం కావడంతో ఫిలిప్పీన్స్‌లో సెలవు. శ్రీలంకకు వెళ్లాల్సిన 2 కోట్ల డాలర్ల సందేశంలో 'ఫౌండేషన్‌' అన్న మాట 'ఫాండేషన్‌' అని పడింది. మధ్యలో ఉన్న బ్యాంకు ఉద్యోగికి అనుమానం వచ్చి వివరణ అడిగారు. ఆ డబ్బు ఆగింది. ఫిలిప్పీన్స్‌కు మాత్రం 8.1 కోట్ల డాలర్లు వెళ్లిపోయాయి. సెలవుల ముందురోజు సాయంత్రం వచ్చే 'అర్జంటు' చెల్లింపును ఇంకోసారి చూడాలని చెప్పేది ఇందుకే.

చేతిలోనే ఉన్న సదుపాయాలు

* చాలా బ్యాంకులు వ్యాపార ఖాతాల నెట్‌బ్యాంకింగ్‌లో ఒకరు నమోదుచేసి మరొకరు ఆమోదించే ఏర్పాటు ఇస్తున్నాయి. ఎవరికి ఎంత పరిమితో ఖాతాదారులే చెప్పొచ్చు.

* రూ.50 వేలు, అంతకుమించిన చెక్కుల వివరాలను ముందే బ్యాంకుకు తెలియజేసే 'పాజిటివ్‌ పే' పద్ధతిని రిజర్వుబ్యాంకు 2021 జనవరి 1 నుంచి తెచ్చింది. చెక్కు మీద అంకె దిద్దితే అక్కడే దొరికిపోతుంది.

* డెబిట్‌, క్రెడిట్‌ కార్డుల్లో ఆన్‌లైన్‌ వాడకాన్ని, విదేశీ వాడకాన్ని ఆపేయొచ్చు. రోజుకు ఎంతవరకో పరిమితి పెట్టుకోవచ్చు. ఖర్చు లేని కాపలా ఇది.

* 2024లో వచ్చిన 'యూపీఐ సర్కిల్‌'లో ఇంట్లోవాళ్లకు గానీ నమ్మకస్తులకు గానీ మన ఖాతా నుంచి చెల్లించే వీలివ్వొచ్చు. ప్రతి చెల్లింపునూ మనమే ఆమోదించేలా పెట్టుకోవచ్చు. లేదా నెలకింత అని హద్దు పెట్టి వదిలేయొచ్చు. హాస్టల్లో ఉన్న పిల్లల ఖర్చుకు, అమ్మానాన్నల మందులకు అక్కరకొస్తుంది.

* వ్యాపారంలో ఒకే రోజు ఒకే వ్యక్తికి రూ.10 వేలు మించి నగదు ఇస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆదాయపన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. నగదు పరిమితి ఎంత పెట్టాలో తేలకపోతే ఇక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.

ఇందులో ఏ ఒక్కదానికీ పెద్ద చదువులు అక్కర్లేదు, కొత్త కంప్యూటర్లూ అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాటాదారులంతా ఓ గంట కూర్చుంటే చాలు. బ్యాంకు ఖాతాను ఎవరెవరు నడపొచ్చో, పిన్‌ నంబర్లు ఎవరి దగ్గరున్నాయో, ఎవరి సంతకంతో ఎంత వెళ్లొచ్చో ఓ పేజీ మీద రాసుకోవాలి. కింద అందరూ సంతకాలు పెట్టాలి. మొదటి సంతకం మాత్రం ఇంటిపెద్దదే అయ్యుండాలి.